ఐదు పేజీలు, మూడు తీర్పులు

2వ తేదీ, సోమవారం. సాయంత్రం 6:00

తీర్మానము.

కుటుంబ న్యాయస్థానమున పదహారేళ్లుగా వాదించుచున్న నేను, ఈ నెల పదిహేడవ తేదీన తుది విచారణకు రానున్న గడియారాలాయన కేసులో, లిఖిత వాదనలను ఐదు పేజీలకును, ఉదహరించు తీర్పులను మూడింటికిని పరిమితము చేయవలెనని ఇందుమూలముగా తీర్మానించుకొంటిని. పని వేళలు: ప్రతిదినము సాయంత్రము ఆరు నుండి ఏడున్నర వరకు.

కారణం నమోదు చేయడం అవసరం. పోయిన నెల ఒక మనోవర్తి కేసులో అరవై నాలుగు పేజీలు దాఖలు చేశాను. న్యాయమూర్తి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "అమ్మా, మీరు అడిగేది ఏ పేజీలో ఉందో చెప్తారా?" అన్నారు. నాలుగు నిమిషాలు వెతికాను. నాకూ దొరకలేదు. చివరికి అవతలి న్యాయవాదే జాలిపడి తన ప్రతిలో వెతికిపెట్టారు. యాభై ఒకటో పేజీ, ఫుట్‌నోటు.

ఈసారి అడిగేది చిన్నది. గడియారాలాయన గడియారాలు బాగుచేస్తారు. కింద దుకాణం, పైన ఇల్లు. ఏడేళ్ల కూతురు. దంపతులు విడిపోయాక పాప తల్లి దగ్గర ఉంటోంది. ఆయన ఆదివారం రెండు గంటలపాటు, కోర్టువారి సందర్శన గదిలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పాపను చూస్తారు. శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం సాయంత్రం దాకా పాప తన ఇంట్లో ఉండాలని ఆయన కోరిక. అంటే వారానికి ఒక్క రాత్రి.

ఇదంతా చెప్పడానికి నాకు పట్టింది ఒక్క పేరా. ఐదు పేజీలు ధారాళం.

మా ఆయన బడిలో లెక్కలు చెబుతారు. తీర్మానం చదివి, "సాక్షి సంతకం కావాలా?" అన్నారు. పెట్టించుకున్నాను.

3వ తేదీ, మంగళవారం

6:00 కూర్చున్నాను.
6:40 ఒకటో పేజీ పూర్తి.

గుమాస్తా గారికి చూపించాను. ఆయన ఈ ఆఫీసులో ఇరవై తొమ్మిదేళ్లుగా ఉన్నారు. అందులో మొదటి పదమూడేళ్లూ మా సీనియర్ గారి దగ్గర. పేజీని దూరంగా పెట్టుకుని చదివారు.

"బాగుందమ్మా. అర్థమవుతోంది."

"మరి ముఖం అలా పెట్టారేం?"

"అర్థమవుతోంది కదమ్మా, అందుకే. క్లయింటుకే అర్థమైపోతే ఇంక మన దగ్గరకెందుకొస్తాడు?"

ఈ లెక్కన ఏడో తేదీకే పని ముగుస్తుంది. మిగిలిన పది రోజులూ ఏమి చేయాలన్నదే ప్రస్తుతం నా ముందున్న సమస్య.

4వ తేదీ, బుధవారం

న్యాయవాదుల సంఘం గ్రంథాలయం. 6:30కే మూడు తీర్పులూ దొరికాయి. మూడూ మణిపూసలు.

చిన్న ఇబ్బంది. రెండో తీర్పు తన పద్నాలుగో పేరాలో మరో పాత తీర్పు మీద ఆధారపడింది. తల్లి తీర్పును చూడకుండా పిల్ల తీర్పును మాత్రం లాక్కురావడం కుటుంబ న్యాయవాదికి తగదు. తల్లిని చూశాను. ఆమెకు ఒక అక్క ఉంది.

తీర్పులు: 5. పేజీలు: 1.

6వ తేదీ, శుక్రవారం

తీర్మానమునకు సవరణలు.

(అ) ఉదహరించిన తీర్పు వేరు, సంప్రదించిన తీర్పు వేరు. మూడు అను పరిమితి మొదటి తరగతికే వర్తించును.
(ఆ) విషయసూచిక పేజీగా పరిగణింపబడదు.
(ఇ) ఫుట్‌నోటు పేజీలో అంతర్భాగము కావున, అది ఎంత దూరము సాగినను అదనపు పేజీ కానేరదు.
(ఈ) సవరణలకు సాక్షి సంతకము అవసరము లేదు.

5:45కి గడియారాలాయన వచ్చారు. రమ్మని ఎవరూ చెప్పలేదు. అయినా పావుగంట ముందే వచ్చిన మనిషిలా సంకోచిస్తూ కూర్చున్నారు.

"ఒక్క మాట చెప్పిపోదామని వచ్చానమ్మా. ఆమధ్య ఒక ఆదివారం ఆ గది దగ్గర ఏమైందంటే..."

"వాస్తవాలన్నీ ఫైల్లో ఉన్నాయండీ. ఇప్పుడు చట్టం నడుస్తోంది."

"చట్టం నడుస్తున్నప్పుడు మనం మాట్లాడకూడదా అమ్మా?"

"మాట్లాడొచ్చు. పదిహేడు అయిపోనివ్వండి."

ఆయన తలూపారు. లేచి, ఎదురు గోడ మీది గడియారం మూడు నిమిషాలు వెనకబడిందని చెప్పి, కుర్చీ ఎక్కి దాన్ని సరిచేసి, కుర్చీ తుడిచి వెళ్లిపోయారు.

తీర్పులు: 19. పేజీలు: 1.

8వ తేదీ, ఆదివారం

ఉదయం 11:00. భోజనాల బల్ల స్వాధీనం చేసుకున్నాను. రంగు చీటీల పద్ధతి అమల్లోకి వచ్చింది.

పసుపు: మనకు అనుకూలం.
ఎరుపు: ప్రతికూలం.
ఆకుపచ్చ: అనుకూలమే, కారణం బోధపడలేదు.
నీలం: కేసుకు సంబంధం లేదు, భాష బాగుంది.

నీలం చీటీలు మధ్యాహ్నానికే అయిపోయాయి.

మా ఆయన కంచం పట్టుకుని బల్ల చుట్టూ ఒకసారి ప్రదక్షిణం చేసి, చోటు లేదని నిర్ధారించుకుని, నిలబడే తిన్నారు.

"తీర్మానంలో సాయంత్రం ఆరు అని ఉంది. నేనే సంతకం పెట్టాను."

"ముందుగానే మొదలుపెట్టాను."

"ఏది? రాయడమా, రంగులద్దడమా?"

జవాబు నమోదు చేయడం లేదు.

"పోనీ ఇది చెప్పు. రేప్పొద్దున మనం విడిపోతే ఈ బల్ల ఎవరికొస్తుంది?"

"తీర్పులు చూడాలి" అన్నాను.

ఆయన నవ్వారు. నేను మాత్రం నిజంగానే అన్నాను.

10వ తేదీ, మంగళవారం

తీర్పులు: 41. పేజీలు: 0.

ఒకటో పేజీని రద్దు చేశాను. నలభై ఒక్క తీర్పులు చదివిన కళ్లతో చూస్తే అది మరీ తేటగా, బాధ్యత తెలియని మనిషి రాసినట్టుగా కనిపించింది.

విషయసూచిక ఏడు పేజీలు వచ్చింది. సవరణ (ఆ) చూడుడు.

11వ తేదీ, బుధవారం. సాయంత్రం 5:10

అవతలివారి లిఖిత వాదనలు అందాయి. పాప తల్లి తరఫున వాదిస్తున్నది ఒకప్పటి నా జూనియర్. నాలుగేళ్లు నా ఎదురుగా కూర్చుని పని నేర్చుకున్న అమ్మాయి.

నాలుగు పేజీలు. ఒకే ఒక్క తీర్పు.

నవ్వొచ్చింది. ఒక్క తీర్పుతో యుద్ధానికి రమ్మని నేనెప్పుడు నేర్పాను? జాలితో ఆ తీర్పు పేరు చూశాను. రెండోసారి కూడా చూశాను.

అది నా కేసు. ఏడేళ్ల కిందట ఒక తల్లి తరఫున పై కోర్టు దాకా వెళ్లి గెలిచాను. ఎనిమిదేళ్లలోపు బిడ్డను రాత్రిళ్లు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిప్పకూడదని వాదించాను. "బిడ్డ నిద్ర పంపకానికి లొంగే ఆస్తి కాదు" అన్నాను. "న్యాయవాది సముచితంగా చెప్పినట్లు" అంటూ ఆ వాక్యాన్ని తీర్పులో యథాతథంగా ఎత్తి రాశారు.

నలభై ఒక్క తీర్పులు పోగుచేశాను. ఇది అందులో లేదు. శత్రువుల ఆయుధాలన్నీ వెతికాను గాని మనది మనమీదికి వస్తుందని తోచలేదు.

"ఇది మన దగ్గరెక్కడుందో చూడండి" అని గుమాస్తా గారిని అడిగాను.

"గోడ మీదుంది కదమ్మా."

వెనక్కి తిరిగాను. నా కుర్చీ వెనక, అద్దం వేసిన ఫ్రేములో, మొదటి పేజీ. ఆ వాక్యం కింద ఎర్ర గీత. గీసింది నేనే.

"మీ వీపు వెనకాల కాబట్టి మీకు కనబడదు" అన్నారాయన. "ఎదురుగా కూర్చున్నవాళ్లందరికీ కనబడుతుంది. ఆ అమ్మాయి నాలుగేళ్లు కూర్చుంది."

12వ తేదీ, గురువారం

గడియారాలాయనను పిలిపించి విషయం చెప్పాను. ఆయన కంగారుపడలేదు.

"తెలుసమ్మా. మీరు ఫోన్లో ఉన్నప్పుడల్లా అదే చదువుకుంటూ కూర్చుంటాను. దాదాపు నోటికొచ్చేసింది."

"మరి ఇన్నాళ్లూ అడగలేదేమండీ?"

"మీరే రాశారు కదా. దాని విరుగుడు కూడా మీ దగ్గరే ఉంటుందనుకున్నా." ఫ్రేము వైపు చూస్తూ అడిగారు. "ఏమనుకోకండి. ఆ రోజు మీరు చెప్పింది నిజమేనా? లేక గెలవాలని అన్నారా?"

"నిజమేనండీ."

"మరి మా పాపను నేను అడగడం తప్పా?"

"కాదండీ."

"రెండూ ఎలా కుదురుతాయమ్మా?"

"అదే రాస్తున్నాను."

"ఎంతవరకొచ్చింది?"

"విషయసూచిక పూర్తయింది."

ఆయన ఈసారి ఓడిపోతే మళ్లీ ఎప్పుడు అడగవచ్చో కనుక్కున్నారు. పాపకు ఎనిమిది నిండాక అని చెప్పాను.

"అంటే ఇంకో ఏడాది. ఏడాది పెద్ద లెక్క కాదమ్మా. కాకపోతే అప్పటికి నేను దానికి రెండు గంటల మనిషిని అయిపోతాను. ఆ గదిలో టైమైందని గంట కొట్టగానే లేచి వెళ్లిపోయేవాణ్ని. ఇప్పటికే సగం అయ్యాను."

గోడ గడియారం వైపు చూడకుండానే వెళ్లిపోయారు.

14వ తేదీ, శనివారం

ఉదయం నుంచి నా మీద నేను రాస్తున్నాను. ఆనాటి నన్ను "విజ్ఞురాలైన సదరు న్యాయవాది" అని వ్యవహరిస్తున్నాను.

10:00 సదరు న్యాయవాది మూడో వాదనలో లోపం దొరికింది.
10:20 లోపం కాదు. ముందుగానే కప్పిపెట్టింది.
1:00 ఆమె మీద గౌరవం కలిగింది.
4:00 గౌరవం పోయింది. అంత నిశ్చయంగా మాట్లాడే మనుషులంటే నాకు మొదటినుంచీ పడదు.
6:00 ఆమెను ఖండించడానికి మరో ఇరవై రెండు తీర్పులు అవసరమని తేలింది.

మా ఆయన తలుపు దగ్గర నిలబడి, "ఎవరు గెలుస్తున్నారు?" అన్నారు.

"నేనే."

"ఏ నువ్వు?"

పేజీలు: 57. ఫుట్‌నోట్లు: తీర్మానం పరిధిలోకి రావు.

16వ తేదీ, సోమవారం

చివరి సవరణ. తీర్మానములోని "ఐదు" అను పదము సూచనాత్మకమే గాని ఆదేశాత్మకము కాదు. "మూడు" అను పదమునకును ఇదే వర్తించును.

మొత్తం నూట పద్దెనిమిది పేజీలు. తీర్పుల ప్రతులు వేరే కట్ట.

గుమాస్తా గారు స్టాప్లర్ నొక్కి చూశారు. పిన్ను ముప్పయ్యో పేజీ దగ్గర ఆగిపోయింది. ఆయన బయటికి వెళ్లి దబ్బనం, పురికొస తెచ్చారు.

"కుట్టేస్తానమ్మా. కోర్టులో చలేస్తే కప్పుకోవచ్చు."

దాఖలు చేసే కిటికీ దగ్గర ఉద్యోగి రెండు చేతులతో అందుకుని, "ఎన్ని కేసులండీ ఇవి?" అన్నాడు.

"ఒకటే" అని గుమాస్తా గారే జవాబు చెప్పారు. నేను నోటీసు బోర్డు చదువుతున్నాను.

17వ తేదీ, మంగళవారం

11:20కి కేసు పిలిచారు.

మొదట అవతలి న్యాయవాది. ఆరు నిమిషాలు మాట్లాడింది. "బిడ్డ నిద్ర పంపకానికి లొంగే ఆస్తి కాదు" అన్న చోట ఆగి, ఊపిరి తీసుకుని, కూర్చుంది. ఆ ఆగడం కూడా నాదే.

నేను లేచాను. న్యాయమూర్తి గారు ఒక చేతిలో నాలుగు పేజీలు, ఇంకో చేయి నా కట్ట మీద పెట్టారు.

"అమ్మా, ఈ పాత కేసులో వాదించింది మీరేనా?"

"ఔనండీ."

"ఇది రాసిందీ మీరే."

"ఔనండీ."

"ఇద్దరిలో నేనెవరి మాట నమ్మాలి?"

వెనక బెంచీల్లో నవ్వారు. ఈ ప్రశ్నకు సమాధానం రాశాను. అరవై మూడో పేజీయో, డెబ్బై ఆరో. చేయి కట్ట మీదికి వెళ్లింది. పురికొస ముడి బిగుసుకుపోయి ఉంది. వదిలేశాను.

"ఆ కేసులో తండ్రి మూడేళ్లు బిడ్డ ముఖం చూడలేదండీ. మూడేళ్ల తరువాత వచ్చి రాత్రిళ్లు ఇమ్మన్నారు. బిడ్డ ఆయన్ను గుర్తుపట్టలేదు. అందుకే అలా వాదించాను. ఈయన ప్రతి ఆదివారం వచ్చారు."

"ఎన్ని ఆదివారాలు?"

నూట పద్దెనిమిది పేజీల్లో ఆ అంకె లేదు. పక్కకు తిరిగి గడియారాలాయన వైపు చూశాను. ఆయన లేచి నిలబడ్డారు.

"తొంభై నాలుగండీ. ఒక వారం గదికి రంగులు వేస్తున్నారని తాళం పెట్టారు. దాన్నీ కలిపితే తొంభై నాలుగు."

"తాళం ఉంటే అదెలా కలుస్తుంది?"

"పాప వచ్చిందండీ. బయట మెట్ల మీద కూర్చున్నాం."

"ఎంతసేపు?"

"రెండు గంటలండీ. ఉత్తర్వులో అంతే ఉంది కదా."

అవతలి న్యాయవాది లేచింది. అభ్యంతరం చెబుతుందనుకున్నాను; నేనైతే చెప్పేదాన్ని. వెనకనుంచి పాప తల్లి ఆమె గౌను పట్టుకుని లాగి ఏదో చెప్పింది.

"అది నిజమేనని మా క్లయింటు చెప్పమంటున్నారండీ. తనూ అక్కడే ఉన్నారట. నాలుగు మెట్లు పైన. పాపకు దాహమేస్తే నీళ్ల సీసా కిందికిచ్చారట. అది ఇద్దరూ తాగారట."

ఎవరూ నవ్వలేదు. న్యాయమూర్తి గారు ఆ తల్లినే నేరుగా అడిగారు. "మీ భయమేమిటమ్మా?"

"రాత్రి మధ్యలో లేచి నేనెక్కడని అడిగితే?"

గడియారాలాయన ఆమె వైపు తిరగకుండా, న్యాయమూర్తి వైపే చూస్తూ ఆమెకు జవాబు చెప్పారు. "ఫోన్ చేస్తాను. అప్పటికీ ఊరుకోకపోతే తీసుకొచ్చి దింపేస్తాను. దాని నిద్రకంటే నా వంతు ముఖ్యమేం కాదు."

సదరు న్యాయవాది ఏడేళ్ల కిందట వెతుక్కున్న వాక్యం ఇదేననుకుంటాను. ఆమెకు దొరకలేదు.

ఉత్తర్వు శుక్రవారానికి వాయిదా వేశారు. వరండాలో గడియారాలాయన నా పక్కన నడుస్తూ, "ఆరో తారీఖున వచ్చింది ఈ మెట్ల సంగతి చెబుదామనేనమ్మా" అన్నారు. "అప్పుడు చట్టం నడుస్తోందన్నారు."

20వ తేదీ, శుక్రవారం

ఉత్తర్వు వచ్చింది. ఒకటిన్నర పేజీ.

ఆరు శనివారాలు, పరీక్షగా. మధ్యాహ్నం రెండింటి నుంచి ఆదివారం సాయంత్రం ఐదింటి దాకా పాప తండ్రి ఇంట్లో ఉంటుంది. ఆపైన ఇరుపక్షాలూ రెండేసి పేజీలకు మించకుండా నివేదికలు ఇవ్వాలి. వాటిని బట్టి శాశ్వతమా కాదా అన్నది తేలుతుంది. పాత తీర్పు గురించి రెండు మాటలు: "వాస్తవాలు వేరు."

నా శ్రమ గురించి ఒక వాక్యం ఉంది. "వాది తరఫున విపులమైన లిఖిత వాదనలు దాఖలు చేయబడినవి." గుమాస్తా గారు "విపులమైన" అన్న మాటను రెండుసార్లు చదివి వినిపించారు.

4:00. ఒకప్పటి జూనియర్ ఫోన్.

"మేడం, ఆ ఫ్రేము తీసేశారా?"

"లేదమ్మా. ఏం?"

"తీయకండి మేడం. ఇంకో కేసులో నాకు పనికొచ్చేలా ఉంది."

మంచి శిక్షణ ఇచ్చాను. దాన్నెవరూ కాదనలేరు.

21వ తేదీ, శనివారం

మధ్యాహ్నం 2:10. గడియారాలాయన ఫోన్. గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు.

"అమ్మా, పాపను దింపి వెళ్లారు. సరిగ్గా రెండింటికి."

"సంతోషమండీ."

"ఇప్పుడేం చెయ్యాలమ్మా?"

రెండేళ్లు దీనికోసమే కోర్టు చుట్టూ తిరిగిన మనిషి. ఉత్తర్వు తీసి చూశాను. ఆ విషయమై ఏమీ లేదు.

"పాపేం చేస్తోంది?"

"గుమ్మంలో నిలబడింది. బ్యాగు భుజానికే ఉంది, దించట్లేదు. రా అంటే రావట్లేదు, వెళ్తావా అంటే వద్దంటోంది. గంట ఎప్పుడు కొడతారని అడుగుతోంది."

చట్టంలో దీనికి సమాధానం ఉన్నట్టు నాకు గుర్తులేదు.

"మీరూ వెళ్లి గుమ్మంలో నిలబడండి" అన్నాను. "పక్కనే. ఏమీ అడక్కండి."

"ఎంతసేపమ్మా?"

"అది రాయలేదండీ."

2:55. మళ్లీ ఫోన్. "బ్యాగు దించిందమ్మా" అన్నారు. అంతే. పెట్టేశారు.

3:00. తీర్మానము. ఆరు వారముల పిమ్మట దాఖలు చేయవలసిన నివేదిక రెండు పేజీలకు మించరాదు. తీర్పులు: సున్న. సవరణలు అనుమతింపబడవు. సోమవారము సాయంత్రము ఆరు గంటల నుండి అమలు.

సాక్షి సంతకం కోసం వెళ్లాను. మా ఆయన ఈసారి పెన్ను తెరవకుండానే, "చెరిగిపోయే ఇంకు ఉందా?" అన్నారు. లేదన్నాను. సంతకం చేశారు.

మొదటి వాక్యం ఇప్పుడే రాసేశాను: "పాప యాభై ఐదు నిమిషాల పాటు గుమ్మంలో నిలబడి, ఆపైన బ్యాగు దించింది." దీనికి చేర్చవలసింది ఏమీ కనబడటం లేదు.

గుమ్మంలో నిలబడిన పిల్లల గురించి ఇదివరలో ఏ కోర్టు అయినా ఏమైనా అన్నదేమో, ఊరికే తెలుసుకోవడానికి, సోమవారం ఐదింటికే గ్రంథాలయానికి వెళ్తాను. ఒక్క గంట. అప్పటికి తీర్మానం ఇంకా అమల్లోకి రాదు.